పదకొండు రోజులు రాని పాప, ఆరుగురు టీచర్లు, ఒక వెబ్‌సైట్

ప్రశ్న: నేను ఏడో తరగతికి లెక్కలు చెప్తాను. ఈ మధ్య మా క్లాసులో ఒక పాపకి జ్వరం వచ్చి పదకొండు రోజులు బడికి రాలేదు. తిరిగొచ్చాక ఇంటర్వెల్‌లో కూడా ఆడుకోకుండా, స్నేహితుల నోట్సులు ముందేసుకుని ఎక్కించుకుంటూ కూర్చుంది. అది చూసి మనసు చివుక్కుమంది. ఆ తరగతికి పాఠాలు చెప్పే ఆరుగురం కలిసి ఒక వెబ్‌సైట్ పెట్టుకున్నాం. ఏ రోజు ఏం చెప్పామో అందులో పెడితే రాని పిల్లలు ఇంటి దగ్గరే చూసుకుంటారని మా ఆలోచన. మూడు వారాలైంది. రోజూ పెట్టేది నేనూ, సోషల్ టీచరూ మాత్రమే. సైన్స్ మాస్టారు వారానికోసారి నలభై పేజీల పీడీఎఫ్ ఎక్కిస్తారు, పిల్లలు తెరిచి మూసేస్తున్నారు. ఇంకో మాస్టారు ‘అన్నీ ఫోన్‌లోనే దొరికితే ఇక బడికి ఎందుకొస్తారు’ అంటున్నారు. మిగతా ఇద్దరూ ఏమీ అనరు, ఏమీ పెట్టరు. గట్టిగా అడిగితే స్టాఫ్‌రూమ్‌లో గొడవవుతుందేమోనని టెన్షన్. ఈ సైట్ ఆపేయాలా, నడపాలా? నడపాలంటే ఎలా?
ఒక లెక్కల టీచరు

జవాబు:

టీచర్ గారూ,

ఆపకండి. అలాగని ఇప్పుడు నడుస్తున్న తీరులోనే లాగకండి. మూడు వారాలకే ఇద్దరు మిగిలారంటే మిగతా నలుగురికీ పిల్లల మీద ప్రేమ లేదని అర్థం కాదు. ఆ సైట్ ఎవరి కోసం, అందులో ఏం ఉండాలి, ఏం ఉండక్కర్లేదు అన్నది ఆరుగురూ కూర్చుని తేల్చుకోకుండా మొదలుపెట్టేసి ఉంటారు. అది ఇప్పుడైనా సరిదిద్దుకోవచ్చు.

మీ ఉత్తరం చదివాక నా కళ్ళముందు నిలిచింది మాత్రం ఇంటర్వెల్‌లో ఒక్కతే కూర్చుని నోట్సు ఎక్కించుకున్న ఆ పాప. నేనూ చాలా ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని. ఇలాగే రెండు వారాలు రాని ఒక అమ్మాయి, తిరిగొచ్చిన మూడో రోజున నోటు పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పద్నాలుగు పేజీలు, ముత్యాల్లాంటి అక్షరాలు, ఎర్రపెన్నుతో మార్జిన్లు. ఐదో పేజీలో ఒక లెక్క మధ్యలో మైనస్ గుర్తు జారిపోయి జవాబు తప్పొచ్చింది. నోట్సు ఇచ్చిన స్నేహితురాలి పుస్తకంలోనూ సరిగ్గా అక్కడే అదే తప్పు. ఇంకొంచెం కిందికి వస్తే ‘రేపు స్కేలు తెచ్చుకోవాలి’ అని ఆ స్నేహితురాలు తన కోసం రాసుకున్న ముక్క కూడా ఉంది, అంతే శ్రద్ధగా ఎక్కించి. ఆ ‘రేపు’ గడిచిపోయి అప్పటికి పది రోజులు. ‘ఇందులో నీకు ఏం అర్థమైందమ్మా?’ అని అడిగితే తల దించుకుంది. ఆ పద్నాలుగు పేజీలూ నేను అడిగినవే. ‘మిస్సయినవన్నీ ఎక్కించుకురా’ అని చెప్పింది నేనే.

మీరు లెక్కల టీచరు కాబట్టి ఒక లెక్క వేద్దాం. రోజుకి ఆరు పీరియడ్లు, పదకొండు రోజులు. మొత్తం 66 పీరియడ్లు. ఎవరూ ఎక్కువ అడగలేదు, ఒక్కో పీరియడ్‌కి 20 నిమిషాల పనే ఇచ్చారనుకోండి. 1,320 నిమిషాలు, అంటే 22 గంటలు. ఆ రోజు హోంవర్క్ దీనికి అదనం. జ్వరం నుంచి అప్పుడే లేచిన పిల్ల రోజుకి ఒక గంట ఎక్కువ కూర్చున్నా 22 రోజులు పడుతుంది. అదే మనలో ఒక్కొక్కరి వైపు నుంచి చూస్తే? నాకు నా పదకొండు పీరియడ్లే కనిపిస్తాయి. మూడు గంటల నలభై నిమిషాలు. ‘అంతేగా, ఈ ఆదివారం కూర్చుంటే అయిపోతుంది’ అనిపిస్తుంది. ఆరుగురికీ అలాగే అనిపిస్తుంది. ఎవరూ కఠినంగా లేరు, కానీ పిల్ల నెత్తిన 22 గంటల పని పడింది.

మీరు కలిసి పెట్టుకున్న సైట్ వల్ల నిజంగా ఒరిగేది ఇక్కడే. ఆరు సబ్జెక్టుల పనీ ఒకే పేజీ మీద పక్కపక్కన పడితే, ఒక పిల్ల మీద మొత్తం ఎంత బరువు పడుతోందో టీచర్లకి మొదటిసారి కనిపిస్తుంది. కనిపిస్తే ‘నాది ఈ వారం వదిలేద్దాం, ముందు నీ భిన్నాలు చేసుకోనీ’ అనే మాట వస్తుంది. ఎవరికి వాళ్ళు విడిగా పేజీలు పెట్టుకుంటే ఆ మాట ఎప్పటికీ రాదు. అందుకే ముందుగా సబ్జెక్టుకో పేజీ పద్ధతి తీసేయండి. రోజుకో పేజీ పెట్టండి. పైన తేదీ, కింద ఆరు పీరియడ్లు, ఒక్కోదానికీ నాలుగైదు వాక్యాలు. రాని పిల్లకి గుర్తుండేది ‘బుధ, గురువారాలు రాలేదు’ అని. ఆరు చోట్లకి తిరిగి ఏరుకోమంటే ఎలా?

ఇప్పుడు ఆ నాలుగైదు వాక్యాల సంగతి. ఎక్కువ సైట్లలో కనిపించేది ఇలా ఉంటుంది: ‘లెక్కలు. భిన్నాల భాగహారం. అభ్యాసం పూర్తి చేయవలెను.’ క్లాసులో కూర్చున్న పిల్లవాడికి ఇది చాలు, వాడికి పాఠం గుర్తుంది. ఇంట్లో పడుకున్న పిల్లకి మాత్రం దీంతో ఏ పనీ జరగదు, భయం తప్ప. అదే పాఠాన్ని ఇలా రాసి చూడండి:

‘ఈరోజు ఒక కాగితం పట్టీని నాలుగు సమాన భాగాలుగా మడిచాం. మూడు భాగాలకి రంగు వేశాం. అది ముప్పావు. ఆ ముప్పావులో అర ఎన్నిసార్లు ఉంది అని వెతికాం. ఒక అర పూర్తిగా దొరికింది, ఇంకో అరలో సగం దొరికింది. అంటే ఒకటిన్నర సార్లు. ముప్పావుని అరతో భాగిస్తే ఒకటిన్నర అనేది ఇలా వచ్చింది. భాగిస్తే తగ్గాలి కదా, పెరిగిందేంటి అని క్లాసులో చాలామంది అడిగారు. నీకూ ఆ అనుమానం వస్తే రానీ, వచ్చాక మాట్లాడుకుందాం. నువ్వూ ఒక కాగితం మడిచి చూడు. తర్వాత 1, 4 లెక్కలు చెయ్యి. మిగతావి వదిలెయ్యి.’

ఇది రాయడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఇంట్లో చేసి చూడటానికి ఒక కాగితం ఉంటే చాలు. క్లాసులో మిగతావాళ్ళు ఎక్కడ తడబడ్డారో ఇందులో ఉంది. తనకి అర్థం కాకపోతే అది జ్వరం వల్లో, తన మందబుద్ధి వల్లో అనుకోకుండా, అందరికీ అక్కడే చిక్కు పడిందని ఆ పిల్లకి తెలుస్తుంది. నన్నడిగితే మొత్తంలో అన్నిటికన్నా విలువైనది చివరి వాక్యం, ‘మిగతావి వదిలెయ్యి’. బుద్ధిగా చదువుకునే పిల్లలు తమంతట తాము ఏదీ వదలలేరు, వదిలితే తప్పు చేసినట్టు బాధపడతారు. వదలొచ్చని టీచరే రాసిపెట్టాలి. దానికి టీచరు ముందుగా ఆలోచించాలి: ఈ పాఠంలో ఏది రాకపోతే తర్వాతి పాఠం ఆగిపోతుంది, ఏది రాకపోయినా నడుస్తుంది? ఎనిమిది లెక్కల్లో రెండు ఏరడం, ఎనిమిదీ ఇచ్చేయడం కన్నా కష్టమైన పని.

‘రోజూ ఐదు నిమిషాలు ఎక్కణ్ణించి తేవాలి’ అని మీ తోటివాళ్ళు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇంటికెళ్ళాక రాద్దామంటే ఎవరూ రాయలేరు, నేనూ రాయలేకపోయాను. మాకు పనికొచ్చింది ఇది: పీరియడ్ చివరి మూడు నిమిషాలు పాఠం ఆపేసి, ఖాళీగా ఉన్న బెంచీ వైపు చూపించి, ‘ఈరోజు రాని మన స్నేహితుడికి ఏం చెప్దాం?’ అని క్లాసుని అడగడం. మొదటి రోజు ఎవరో పేజీ నంబరు చెప్తారు. ‘అది సరే, ఏం జరిగింది?’ అంటే ఇంకొకరు ‘కాగితం మడిచాం’ అంటారు. వెనక బెంచీ నుంచి ‘భాగిస్తే పెరిగింది’ అని ఒక గొంతు. దాన్నే ఇంకొంచెం విడమరిచి చెప్పమంటే క్లాసంతా సరిదిద్దుతూ చెప్తుంది. వాళ్ళు చెప్తుండగానే నేను టైప్ చేసేదాన్ని. గంట కొట్టేలోపు ఆ రోజు రాత సిద్ధం.

దీనివల్ల నాకు ఇంకో మేలు జరిగింది, నేను అనుకోనిది. నలభై నిమిషాలు నేను చెప్పింది పిల్లల నోటి నుంచి రెండు వాక్యాల్లో తిరిగొచ్చేటప్పుడు, పాఠంలో ఏది నిలిచింది ఏది జారిపోయింది అన్నది అక్కడికక్కడే తెలిసేది. కొన్ని రోజులు ఆ రెండు వాక్యాలు కూడా రాలేదు. అలాంటి రోజు రాని పిల్లల కోసం రాయడానికి ఏమీ లేదు, ఎందుకంటే వచ్చినవాళ్ళకే పాఠం అందలేదు. మర్నాడు మళ్ళీ చెప్పేదాన్ని. ఒక నెల అలవాటయ్యాక పిల్లలకే వంతులు వేయండి. రోజుకొకరు రాస్తారు, మీరు చదివి సరిచేసి పెడతారు. తోటి పిల్లల మాటల్లో రాసిన పాఠం చాలాసార్లు మన మాటల కన్నా తేలిగ్గా దిగుతుంది. రాసిన పిల్లల పేరు మాత్రం పేజీ మీద పెట్టకండి.

‘అన్నీ ఫోన్‌లో దొరికితే బడికి ఎందుకొస్తారు’ అన్న మాస్టారి దగ్గరికి వస్తాను. ఆయన మాట కొట్టిపారేయకండి. పిల్లలు బడికి రావాలన్న తపన ఉంది కాబట్టే ఆ మాట అన్నారు. ఆయనకి ఒక నిజంగా జరిగిన సంగతి చెప్పండి. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, కొండల మధ్య ఉండే వుడ్‌లాండ్ పార్క్ హైస్కూల్లో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ సామ్స్ అని ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు ఉండేవారు. ఆటల పోటీలకని దూరపు స్కూళ్ళకి బస్సుల్లో వెళ్ళే పిల్లలు తరచూ క్లాసులు పోగొట్టుకునేవారు. రాని పిల్లలకి మళ్ళీ మళ్ళీ అదే పాఠం చెప్పలేక, 2007లో వాళ్ళిద్దరూ తమ పాఠాలను రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెట్టడం మొదలుపెట్టారు. రాని పిల్లల కోసం పెట్టిన ఆ పాఠాలను వచ్చిన పిల్లలు కూడా, పరీక్ష ముందో, అర్థం కానప్పుడో, చూసుకోవడం మొదలుపెట్టారు. పాఠం ఇంట్లో విని, అభ్యాసం క్లాసులో టీచరు పక్కన ఉండగా చేసే ‘ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్’ పద్ధతి తర్వాత ప్రపంచమంతా పాకింది కదా, దానికి బాగా పేరు తెచ్చినవాళ్ళు వీళ్ళే. వాళ్ళు మొదలుపెట్టింది మాత్రం మీరు మొదలుపెట్టిన చోటే, ఖాళీ బెంచీ దగ్గర.

అయితే ఆ మాస్టారి భయంలో ఒక ముక్క నిజం ఉంది. వారానికి రెండు రోజులు తరచుగా మానేసే పిల్లవాడికి వెబ్‌సైట్ మందు కాదు. వాడు ఎందుకు రావట్లేదో ఒకరు కూర్చుని కనుక్కోవాలి. ఇంట్లో ఎవరికి బాగోలేదో, క్లాసులో ఎవరు ఏడిపిస్తున్నారో, ఏ పీరియడ్ అంటే భయమో. ఆ పని మీద పట్టుదల ఉన్నది ఆయనకే కనక, దాన్ని ఆయనకే అప్పగించండి. నెలలో ఎవరు ఎన్నిసార్లు రాలేదో హాజరుపట్టీ చూసి మిగతా ఐదుగురికీ చెప్పే బాధ్యత తీసుకోమని అడగండి. సైట్‌కి ఎదురు నిలబడిన మనిషి, సైట్ చేయలేని పనిని చేస్తారు. ఒప్పుకుంటారనే నా నమ్మకం.

సైన్స్ మాస్టారి నలభై పేజీలు కూడా తీసిపారేయొద్దు. ఆయన కష్టపడి తయారుచేసుకున్నవి అవి. ‘ఇంకా చదవాలనుంటే’ అని ఒక విడి పేజీ పెట్టి అక్కడ ఉంచండి. రోజు పేజీలో మాత్రం ఆయన నాలుగు వాక్యాలు చెప్పాలి, ఆ నలభైలో ఏ రెండు పేజీలు చూడాలో చెప్పాలి. పాఠ్యపుస్తకం పేజీలను స్కాన్ చేసి ఎక్కించడం మాత్రం ఎవరూ చేయొద్దు. పుస్తకం పిల్లల ఇంట్లో ఉంది, పేజీ నంబరు చాలు. ఇతరుల పుస్తకాలను అలా నెట్‌లో పెట్టడం కాపీరైట్ రీత్యా కూడా చిక్కే.

ఏమీ అనని, ఏమీ పెట్టని ఆ ఇద్దరి గురించి నాకు ఎక్కువ ఆలోచన పట్టుకుంది. మౌనంగా ఉన్నవాళ్ళని బద్ధకస్తులనుకోవడం తేలిక. నాతో పనిచేసిన ఒక మాస్టారు క్లాసులో పాఠం చెప్తుంటే పక్క గదిలో నేను చెప్పడం ఆపి వినేదాన్ని. అంత బాగా చెప్పేవారు. సైట్‌లో మాత్రం ఆయన గడి ఎప్పుడూ ఖాళీ. ఆర్నెల్లకి ఒకరోజు, అందరూ వెళ్ళిపోయాక చెప్పారు: ‘నాకు టైపింగ్ రాదమ్మా. రాస్తే తప్పులు దొర్లుతాయి. తల్లిదండ్రులు చూస్తారు కదా.’ అప్పటినుంచి ఆయన ఫోన్ పట్టుకుని మాట్లాడేవారు, ఫోన్ దాన్ని అక్షరాల్లోకి మార్చేది, మాలో ఒకరం అచ్చుతప్పులు దిద్దేవాళ్ళం. మీ స్టాఫ్‌రూమ్‌లోని ఆ ఇద్దరికీ అలాంటి కారణమే ఉండొచ్చు. అందరిలో అడగకండి. విడిగా, టీ తాగుతూ ‘నేను టైప్ చేస్తాను, మీరు చెప్పండి’ అనండి. హెడ్‌మాస్టారి చేత ఆర్డర్ వేయించాలని మాత్రం అనుకోవద్దు. ఆర్డర్‌తో గళ్ళు నిండుతాయి. ‘పాఠం జరిగినది’ అని నిండుతాయి.

ఒకరి రాత ఇంకొకరు దిద్దొచ్చా అన్నది కూడా ముందే మాట్లాడుకోండి, లేకపోతే అక్కడే మనసులు నొచ్చుకుంటాయి. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ప్రోగ్రామర్ మొదటి వికీని పెట్టినప్పుడు ఆలోచన ఇదే: పేజీ ఎవరి సొంతమూ కాదు, తప్పు చూసినవాళ్ళు అక్కడికక్కడే దిద్దేయొచ్చు. హవాయి భాషలో వికీ అంటే ‘త్వరగా’ అని. మీ ఆరుగురికీ ఆ పద్ధతే బాగుంటుంది, ఒక్క హద్దుతో. అచ్చుతప్పులు, తేదీ, పేజీ నంబరు ఎవరైనా మార్చేయొచ్చు. పాఠం విషయం మార్చాలంటే మాత్రం ఆ టీచరుకి ఫోన్ చేసి చెప్పాకే. గూగుల్ డాక్స్ లాంటి వాటిలో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో పాత ప్రతులతో సహా భద్రంగా ఉంటుంది కాబట్టి పోయిందన్న భయం అక్కర్లేదు.

వారానికొకరు చొప్పున వంతు వేసుకోండి. ఆ వారం టీచరు చేయాల్సిందల్లా సాయంత్రం ఆరు గళ్ళూ నిండాయా అని చూడటం, ఖాళీ ఉంటే ఒక్క ఫోన్. ఈ వంతు లేకపోతే రోజూ అడిగే పని మీ నెత్తినే పడుతుంది, మీరు అందరికీ గుదిబండలా కనిపిస్తారు. చెప్పడానికి కొత్తది లేని రోజు కూడా ‘ఈరోజు రివిజన్, కొత్తది లేదు’ అని ఒక్క ముక్క ఉండాలి. ఖాళీ గడి చూసిన పిల్లకి పాఠం జరగలేదో, జరిగినా పెట్టలేదో తెలియదు. ఆ తెలియకపోవడం పని ఎక్కువవడం కన్నా ఎక్కువ టెన్షన్ పెడుతుంది.

ఇక మెషిన్ సంగతులు. ఇక్కడ చాలామంది తప్పటడుగు వేసేది ఒకే చోట. పేజీ అందరికీ కనిపిస్తుంది, కానీ అందులో పెట్టిన ఫైలుకి అనుమతి ఇవ్వడం మర్చిపోతారు. మీరు లాగిన్ అయి ఉన్నారు కాబట్టి మీకు అన్నీ తెరుచుకుంటాయి. రాత్రి తొమ్మిదింటికి అమ్మ ఫోన్ తీసుకుని కూర్చున్న పిల్లకి మాత్రం ‘యాక్సెస్ లేదు, అనుమతి అడగండి’ అని వస్తుంది. అడిగితే ఆ మెయిల్ మీరు మర్నాడు చూస్తారు. నాకు ఈ పొరపాటు రెండు వారాల పాటు తెలియలేదు, ఏ పిల్లా చెప్పలేదు కూడా, తమదే తప్పనుకున్నారు. అందుకని ప్రతి లింకునీ మీ అకౌంట్‌తో లాగిన్ అవ్వని ఒక ఫోన్‌లోనో, బ్రౌజర్‌లోని ఇన్‌కాగ్నిటో విండోలోనో ఒకసారి తెరిచి చూడండి. గూగుల్ సైట్స్ వాడుతుంటే ఇంకొకటి: రాసింది రాసినట్టు బయటికి కనపడదు, ‘పబ్లిష్’ నొక్కాలి. ఆరుగురిలో ఒకరు రోజూ మర్చిపోతారు. రోజువారీ రాతని ఒక గూగుల్ డాక్‌లో రాసి, అందులోని రాతని కాపీ చేయకుండా ఆ డాక్‌నే పేజీలో ‘ఇన్సర్ట్’ చేస్తే ఆ బాధ లేదు. డాక్‌లో మార్చింది పేజీలోనూ మారిపోతుంది, మళ్ళీ పబ్లిష్ చేయక్కర్లేదు.

బోర్డు ఫోటో పెట్టి ఊరుకోకండి. ఫోన్‌తో తీసిన ఫోటో ఒక్కోటి మూడు నాలుగు ఎంబీలు ఉంటుంది, నెట్ నెమ్మదిగా ఉన్నచోట తెరుచుకోదు, చూపు సరిగా లేని పిల్లలకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి అందులోని చేతిరాత సరిగా అందదు. బొమ్మ అవసరమైతే సైజు తగ్గించి పెట్టి, పక్కన రెండు వాక్యాల్లో అందులో ఏముందో రాయండి. టైప్ చేసేది యూనికోడ్‌లోనే, అంటే ఏ ఫోన్‌లోనైనా ఒకేలా కనిపించే అక్షరాల పద్ధతిలోనే చేయండి, పాత ఫాంట్లలో చేసింది వేరే ఫోన్‌లో పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. వీడియోలు చేయగలిగితే సంతోషమే, చేయలేకపోయినా ఏ లోటూ లేదు. మూడు నిమిషాలు మీ గొంతుతో చెప్పిన మాట ఒకటిన్నర ఎంబీలో సరిపోతుంది, మంచం మీద కళ్ళు మూసుకుని కూడా వినొచ్చు. ఒంట్లో బాగోని పిల్లకి తన టీచరు గొంతు వినపడటం ఎంత ధైర్యమో మీకు నేను చెప్పక్కర్లేదు.

హోమ్ పేజీ అందం మీద సమయం పెట్టకండి. మొదటి సంవత్సరం మేం రంగులు, బటన్లు, తిరిగే ఫోటోలు పెట్టడంలో నెల రోజులు గడిపాం. రెండో టర్మ్‌కి ఎవరూ కొత్త ముక్క రాయలేదు. ఆపరేషన్ అయి ఇంట్లో ఉన్న ఒక పిల్లవాడి నాన్నగారు వచ్చి, ‘మేడమ్, రోజూ తెరుస్తున్నాడు, రెండు నెలల కిందటిదే వస్తోంది’ అన్నారు. ఆయన ఫిర్యాదు చేయడానికి రాలేదు, ఫోన్‌లో లోపమేమో చూడమని అడగడానికి వచ్చారు. ఆ మాట నేను మర్చిపోలేదు.

ఒక విషయంలో మాత్రం ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. ఆ పేజీ మీద ఏ పిల్ల పేరూ, ఫోటో, రాకపోవడానికి కారణం ఉండకూడదు. ‘జ్వరంతో ఉన్న ఫలానా అమ్మాయి కోసం’ అని ప్రేమగానే రాస్తారు, కానీ నెట్‌లో పెట్టింది ఎవరు ఎంతకాలం దాచుకుంటారో మన చేతిలో లేదు. బోర్డు ఫోటోలో ఒక మూల అబ్సెంట్ అయినవాళ్ళ పేర్లు ఉంటాయి, చూసుకోండి. మార్కులు కూడా వద్దు. ఇలా పేర్లు లేకుండా ఉంచితే పేజీకి పాస్‌వర్డ్ పెట్టకుండా వదిలేయొచ్చు, పాస్‌వర్డ్ మర్చిపోయి ఆగిపోయే పిల్లలు ఉండరు. సెర్చ్‌లో రాకుండా చేసే సెట్టింగ్ ఉంటే అదీ పెట్టండి. ఒక పిల్లకి విడిగా చెప్పాల్సింది ఉంటే తల్లిదండ్రులకి ఫోన్ చేసి చెప్పండి.

ఫోన్ లేని ఇళ్ళు, ఫోన్ ఉన్నా పిల్లలకి దొరకని ఇళ్ళు మీ క్లాసులో ఎన్ని ఉన్నాయో ముందే కనుక్కోండి. రోజు పేజీ ఒక్క కాగితంలో పట్టేలా ఉంటే ప్రింట్ తీసి ఖాళీ బెంచీ మీద ఉన్న ఒక కవర్లో వేసుకుంటూ పోవచ్చు. పక్కింటి పిల్ల ఎవరైనా సాయంత్రం ఇచ్చొస్తుంది, లేదంటే వచ్చిన రోజున తనకి అందుతుంది. ఇది పెద్ద పనేమీ కాదు, కానీ ఇది చేయకపోతే ఫోన్ ఉన్న పిల్లలకీ లేని పిల్లలకీ మధ్య తేడాని మన చేతులతో మనమే పెంచినవాళ్ళమవుతాం.

పిల్ల తిరిగొచ్చిన రోజున ఐదు నిమిషాలు ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి. ఆరుగురూ కాదు, ఒక్కరు. రోజు పేజీలు ముందు పెట్టుకుని ‘ఇది చూశావా, ఇది అర్థమైందా, ఇది వద్దు’ అని పెన్సిల్‌తో కొట్టేస్తూ పోవాలి. ఈ ఐదు నిమిషాలు లేకుండా సైట్ ఎంత బాగున్నా, అది ఇంకో నోట్సు కట్ట అయిపోతుంది.

ఇక మీ టెన్షన్ సంగతి. మీటింగ్‌లో ‘మీరు పెట్టట్లేదు’ అన్న మాటతో మొదలుపెట్టకండి. ఒక ఇరవై నిమిషాలు అడిగి, ఆ పాప నోటు పుస్తకం, ఆమెని అడిగి తీసుకుని, బల్ల మధ్యలో పెట్టండి. 22 గంటల లెక్క బోర్డు మీద వేయండి. ఆ తర్వాత మీరేం మాట్లాడకండి. స్టాఫ్‌రూమ్‌లో ఎవరో ఒకరు ‘నాది తగ్గిద్దాం’ అంటారు. అక్కణ్ణించి పని మొదలవుతుంది. ఒక్క తరగతికి, ఒక్క నెలకి ఒప్పుకుంటే చాలు.

ఆ మీటింగ్‌లో మొదటి పనిగా ఆ పాప 66 పీరియడ్లనే తీసుకోండి. ఒక్కొక్కరు తమ పదకొండింటిలో, ఇవి రాకపోతే ముందుకెళ్ళలేదు అన్న రెండింటినే ఏరండి. పన్నెండు వస్తాయి, నాలుగు గంటల పని. మిగతా 54 వదిలేశామని మర్నాడు పొద్దున ఆమెకి మీరే చెప్పండి, ఇంటర్వెల్ గంట కొట్టకముందే చెప్పండి.